కాగడా తాత శనివారం

ఒక ఊళ్లో శనగపిండి మిల్లు ఉండేది. ఇనుప దూలాల మీద నిలబెట్టిన మూడంతస్తుల కట్టడం. పప్పును పైకి మోసే బకెట్ ఎలివేటరు కింది నుంచి కప్పుదాకా ఒకే గొట్టంలా పోతుంది. అందులో ఒక ముసలాయన పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు వీధి భాగవతాల మేళానికి కాగడా పట్టినవాడు గనక అందరికీ కాగడా తాత.

శనివారం మధ్యాహ్నం కాగానే మర ఆపించి, తాత నిచ్చెన వేసేవాడు. నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో దూలాల పైభాగం, కేబుళ్లు పరిచిన రేకులు, ట్యూబులైట్ల నెత్తి తుడిచేవాడు. గుడ్డకంటిన పిండి కాసేపట్లోనే బజ్జీల పిండిలా జిగురయ్యేది. కిందికి దిగి బకెట్లో జాడించి మళ్లీ ఎక్కేవాడు. చీకటి పడేదాకా అదే పని.

మిల్లు యజమాని పోయి, కొడుకు చేతికి అది వచ్చింది. "తాతా, ఎవరికీ కనపడని చోట తుడవడానికి వారం వారం ఒక పూట పోగొట్టుకోవాలా?" అన్నాడు.

"గుగ్గిలం ముద్ద కాగడా మీద పెడితే కరిగి కారుతుంది బాబూ. అదే పొడి చేసి విసిరితే భగ్గున మంట లేచి, హిరణ్యకశిపుడు వచ్చేస్తాడు."

"ఇది శనగపిండి తాతా, గుగ్గిలం కాదు."

"నిప్పుకి ఆ తేడా తెలీదు బాబూ."

ఓ శ్రావణమాసంలో ఎలివేటరు పైనున్న బేరింగు గ్రీజు లేక కాలిపోయింది. గొట్టం లోపల 'దబ్'మంది. పక్క రేకొకటి ఊడిపడింది, బుస్సుమని ఓ మంట బయటికొచ్చి ఆరిపోయింది. అక్కడున్న ఒకడికి కనుబొమలు కాలాయి. అంతే. సాయంత్రానికల్లా రేకు బిగించి మర తిప్పారు.

"చూశావుగా తాతా, పేలితే పేలింది. ఏమైంది?" అన్నాడు యజమాని.

"ఏమీ కాలేదు బాబూ. అందుకే మళ్లీ నిచ్చెనెక్కుతున్నా."

ఆ మాట యజమానికి వెటకారంలా తోచింది. తాతను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, కంప్రెసరు కొన్నాడు. ఒక కుర్రాడు పైపు పట్టుకుని పది నిమిషాల్లో మూలమూలలా ఊదేవాడు. నేల అద్దంలా మెరిసేది. ఊదిన పిండి మాత్రం ఎక్కడికీ పోలేదు. రాత్రంతా మెల్లగా దిగి దూలాల మీద సర్దుకునేది.

మరుసటి ఏడు, దీపావళి ఆర్డర్ల హడావుడిలో అదే బేరింగు కాలింది. అదే 'దబ్'. ఈసారి ఆ అదురుకి ఏడాది పిండి దూలాల మీంచి తెరలా జారింది, ఆ తెరలోకి మంట వెళ్లింది. రెండో చప్పుడు పక్క ఊరి చెరువు గట్టు మీద వినిపించింది. మధ్య అంతస్తులో ఉన్న ముగ్గురు తిరిగి రాలేదు.

లోడు లెక్క చూసుకోడానికి గేటు దగ్గరికొచ్చిన యజమాని బతికాడు. చాలాసేపటికి నోరు తెరిచి, "తాతా, పోయినేడూ ఇదే శబ్దం. అప్పుడేమీ కాలేదే?" అన్నాడు.

"అప్పుడు రాలడానికి పైన ఏమీ లేదు బాబూ."

నీతి: మొన్న ఏమీ కాలేదంటే సరిపోదు, ఎందుకు కాలేదో తెలియాలి.

కథ కల్పనే గానీ ఆ రెండో చప్పుడు కల్పన కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో 2008 ఫిబ్రవరి 7న ఒక చక్కెర కర్మాగారం పేలి 14 మంది చనిపోయారు. అంతకుముందూ అక్కడ చిన్నచిన్న మంటలు రేగి, పెద్దవి కాకుండానే ఆరిపోయాయి. వాటిని హెచ్చరికలని ఎవరూ అనుకోలేదు. చక్కెరలో చెత్త పడకూడదని 2007లో సైలోల కింది కన్వేయరుకి స్టీలు మూతలు బిగించారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మూతల లోపల చక్కెర ధూళి గుమిగూడింది. వేడెక్కిన బేరింగు దాన్ని అంటించి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. తొలి పేలుడు అక్కడిదే. భవనాలను తగలబెట్టింది మాత్రం ఏళ్లుగా నేల మీదా యంత్రాల మీదా పేరుకుని, ఆ అదురుకి లేచిన పొడి.

మామూలు మంటకి కట్టె, గాలి, రవ్వ ఉంటే చాలు. పేలుడుకి ఇంకో రెండు కావాలి. పొడి గాలిలో లేవాలి, చుట్టూ గోడలుండాలి. కంప్రెసరు పైపు మొదటిది చేసి పెడుతుంది, మిల్లు కట్టడమే రెండోది. 1785లో ఇటలీలోని ట్యూరిన్‌లో పిండి గోదాము పేలినప్పుడే గాలిలో లేచిన పిండి పేలుతుందన్న సంగతి కాగితం మీదికెక్కింది. 1878 మే 2న మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండి మిల్లు పేలి 18 మంది పోయారు. మన సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న పేలిన ఫ్యాక్టరీ తయారుచేసేది కూడా పొడే, మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్. నలభై మందికి పైగా చనిపోయారు.

పసుపు, కారం, తవుడు, రంపపు పొట్టు, అల్యూమినియం పొడి, మండేది ఏదైనా సరే తగినంత మెత్తగా ఉంటే ఇదే గుణం. బేరింగులకి గ్రీజు, మరలో మేకులు పడకుండా అయస్కాంతం, గొట్టాలకి ఎర్తింగు, పిండి తుడవకుండా వెల్డింగు పెట్టకపోవడం, ఇవన్నీ మేస్త్రీలకి తెలిసినవే. తెలిసీ జరగనిది తాత శనివారమే. ఆగిన పూట నష్టం ఖాతాలో పడుతుంది, జరగని పేలుడుకి ఖాతాలో గడి లేదు మరి. వాక్యూమ్ వాడదామన్నా మామూలుది పనికిరాదు. దాని మోటారే రవ్వలు వేస్తుంది. ఇలాంటి చోటుకని చేసినవి వేరే ఉంటాయి.

అమెరికాలో తనిఖీ వాళ్లకి ఒక కొండగుర్తు ఉంది: ధూళి మందం 0.8 మిల్లీమీటరు దాటి, నేల వైశాల్యంలో 5 శాతానికి మించి పరుచుకుంటే ప్రమాదం. 0.8 అంటే సుమారు జెమ్ క్లిప్పు తీగ మందం. ఒకటి జేబులో వేసుకుని నిచ్చెనెక్కి, దూలం మీది పిండి పక్కన పెట్టి చూడండి. పిండి క్లిప్పు మందాన్ని మించినా, దూలానికి వేసిన రంగేదో కనబడకపోయినా ఆ పూటకి మర ఆపించి, గుడ్డ తడపండి.