శ్లోకం దొరక్కపోతే?

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గురించి చదివినప్పుడల్లా నాకో చొప్పదంటు ప్రశ్న పుట్టుకొస్తుంది. ఆ శ్లోకం దొరక్కపోయి ఉంటే?

కలకత్తా సంస్కృత కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆ పండితుడు శాస్త్రాలు గాలించి, భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లాడవచ్చునని పరాశరస్మృతి ఒప్పుకుంటోందని 1855లో పుస్తకం వేసి మరీ చూపించారు. 1856లో చట్టం వచ్చింది. ఆ డిసెంబరులోనే కలకత్తాలో మొదటి పెళ్లీ జరిగింది. అక్కడితో ఊరుకున్నారా? అలాంటి పెళ్లిళ్ల ఖర్చు నెత్తిన వేసుకుని అప్పులపాలయ్యారు. 1870లో సొంత కొడుకే వితంతువును చేసుకుంటే పొంగిపోయారు.

అంతటి మనిషి పసిపిల్లల కన్నీళ్లకు కరిగారు గాని శ్లోకానికి కాదు గదా! శ్లోకం లోకం నోరు మూయించడానికి. (మూతపడిందా అంటే లేదు. చట్టం వద్దని సంతకాలు పెట్టినవాళ్లే ఎక్కువ.) మరి కన్నీళ్లు చాలలేదా? శాస్త్రం కూడా సాక్ష్యం చెప్పాలా?

మన వీరేశలింగం పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడన్నారు. 1881లో రాజమండ్రిలో ఆయన చేయించిన తొలి వితంతు వివాహం కథ వింటూ పెరిగినదాన్నే నేనూ.

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి మా పిన్ని వచ్చింది. బాబాయి పోయి రెండేళ్లు. వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చిన నా చెయ్యి ఆవిడ ముందు ఆగిపోయింది. ఏ స్మృతి ఆపింది? నేనొక్కటీ చదవలేదే!

"ఫర్వాలేదులేవే, శనగలు పెట్టు చాలు" అంటూ పిన్నే కొంగు పట్టింది.

శనగలు పోసి, కుంకుమ భరిణె మూత పెట్టేశాను.