త్రాగుడు మానినవాని యన్నము

మద్యపానమును విడువుమని బోధించువారు మన దేశమున ననేకులు గలరు. విడిచిన మరునాడు వానికేమి పెట్టవలెనో చెప్పువారు మాత్ర మరుదు. ఇది వంటయింటి విషయముగ తోచినను, నిజమున ధర్మవిషయము. తప్పు చేసినవాని దేహమును శిక్షించుట ధర్మమా, పోషించుట ధర్మమా యనునదే యిందలి ప్రశ్నము.

పూర్వవిధి శిక్షవైపునకే మొగ్గినది. మనుస్మృతి 11వ యధ్యాయమున, సురాపానము చేసిన ద్విజుడు నిప్పువలె కాగిన సురను త్రాగి దేహమును దహించుకొనవలెనని ప్రాయశ్చిత్తము విధింపబడినది. దానికి మారుగ చెప్పబడిన తేలికవిధి యేమనగా, ఒక సంవత్సరము రాత్రివేళ నొక్కపూట మాత్రమే నూకలు గాని తెలికపిండి గాని తినుట. ఈ విధులను నేడెవ్వరును పాటింపరు. కాని వాని వెనుకనున్న భావము మన యిండ్లలో నింకను బ్రతికియున్నది. త్రాగుడు మానగానే దీక్షపేర నొంటిపూట భోజనమున నుంచువారు గలరు. కన్నులు పచ్చబడినచో కామెర్లని చెప్పి, పప్పు, నూనె, గ్రుడ్డు మాన్పించి, ఉప్పులేని చప్పిడి మెతుకులు మజ్జిగతో పెట్టుదురు. చేసినది యనుభవింపనిమ్మని యిరుగుపొరుగువారు తల యూపుదురు.

ఇందు తొలి పొరపాటు, త్రాగినవాడు తిని బలిసియున్నాడని తలచుట. అతడు తిన్నవాడు కాడు, ఆకలిగొన్నవాడు. మద్యసారము గ్రామునకు 7 క్యాలరీల వేడి నిచ్చును. అన్నములోని పిండిపదార్థ మిచ్చునది 4 మాత్రమే. కావున కడుపు నిండినట్లే తోచును. కాని యందు కండను నిలుపు మాంసకృత్తులు లేవు, విటమినులు లేవు. పైగా, తిన్న కొద్దిపాటి యన్నములోని సారమును ప్రేవులు సరిగ గ్రహింపలేవు. గ్రహించినదానిని కాలేయము దాచుకొనలేదు. పెక్కేండ్లు విడువక త్రాగినవాడు పెక్కేండ్లు సగ ముపవసించినవాడే. ఆ యుపవాసముపై మరియొక యుపవాసమును పెట్టుట ప్రాయశ్చిత్తమెట్లగును?

ఇది యూహ కాదు. 1881వ సంవత్సరమున వెర్నికె యను జర్మను వైద్యుడు, కన్నులు సరిగ కదలకపోవుట, నడక తూలుట, మతి చెదరుట యను మూడు లక్షణములుగల యొక రోగమును వర్ణించెను. అతడు చూచిన మువ్వురు రోగులలో నిద్దరు మద్యపానపరులు. తరువాత కొలది యేండ్లకు రుష్యాదేశమున కోర్సకోవ్ అను వైద్యుడు, ఇట్టివారికి క్రొత్త సంగతులు జ్ఞాపకము నిలువకపోవుటను గనిపెట్టెను. ఈ రెంటికిని మూలము థయమిన్ అనబడు బి1 విటమిను కొరతయని పిదప తెలిసినది. ఆ కొరతయే, మర పట్టిన తెల్లని బియ్యము తినువారిలో బెరిబెరి యగును; మన సర్కారు జిల్లాలవారు దాని నెరుగనివారు కారు. 1936లో థయమినును కృత్రిమముగ తయారుచేసిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరునందే, మిషనరీల యింట జన్మించెను.

చదువరులారా, ఇం దొక నైతికసత్యము గలదు. ఉదయము మాట యిచ్చి సాయంకాలమునకు మరచినవానిని సిగ్గులేనివాడందుము. తూలినవానిని మరల త్రాగివచ్చెనందుము. ఇట్లు నిందింపబడువారిలో కొందరు నిజముగ నబద్ధము లాడిరి. కొందరు నిజముగ మరచిరి. ఏది దోషమో యేది లోపమో తెలియకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు. దోషమునకు పశ్చాత్తాపము మందు; లోపమునకు అన్నమును, ఔషధమును మందు. ఒకదానికి మరియొకటి చాలదు.

అయిన నేమి పెట్టవలెను? ముందుగ వైద్యుని చూపవలెను. ఏలయన, ఎక్కువగ త్రాగుచుండి యొక్కసారి మానినవారికి మొదటి రెండు నాలుగు దినములలో మూర్ఛలును, ప్రాణాంతకమగు మతిభ్రమయు రావచ్చును. నీరసముగ నున్నాడని తీపినీరో, గ్లూకోసో పెట్టి యూరకుండుటయు తగదు. చక్కెరను దహించుటకు దేహమునకు థయమిన్ కావలెను గనుక, వైద్యులు దానిని ముందుగనో, గ్లూకోసుతోపాటుగనో యిత్తురు. పలుదినములు తిననివానికి విందు పెట్టుటయు నపాయమే. రక్తములోని భాస్వరము హఠాత్తుగ తగ్గి గుండెకు చేటు కలుగవచ్చును. కొంచెము కొంచెముగ, పలుమారులు పెట్టవలెను.

పిమ్మట కావలసినవి రాజభోగములు కావు. దంపుడు బియ్యము గాని యుప్పుడు బియ్యము గాని, కందిపప్పు, పెసలు, శనగలు, వేరుశనగలు, తోటకూర, పెరుగు; అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప. అన్నము వార్చి గంజి పారబోసినచో బి1 కొంత దానితోనే పోవును. పప్పులలోను, ఆకుకూరలలోను ఫోలికామ్లము గలదు. త్రాగువారి రక్తహీనతకు దాని కొరత యొక కారణము. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తమ తోడివారితో 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసిరి. కాలేయరోగికి పప్పు, పాలు, గ్రుడ్డు మాన్పించుట పాతమాట. కాలేయము గట్టిపడినవారికి సయితము దినమునకు శరీరపు బరువు కిలో కొకటికి 1.2 మొదలు 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు కావలెనని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కడుపున నీరు చేరినచో నుప్పు తగ్గింతురు. అదియు వైద్యుని మాటపైననే. ఇట్టి రోగికి ఒక రాత్రి పస్తు, ఆరోగ్యవంతుని రెండు మూడు దినముల పస్తుతో సమానము. కావున నిద్రకు ముందు కొంత తినుట యతనికి తిండిపోతుతనము కాదు, చికిత్స. రాత్రి యొక్కపూట తెలికపిండి తినుమన్న విధికిని దీనికిని ఎంత దూరమో చూడుడు!

ఇచట న్యాయమైన యాక్షేపణ యొకటి గలదు. ఇన్నాళ్లు కూలిడబ్బులు సారాకొట్టునకు పోసి భార్యాబిడ్డలను పస్తు పెట్టినవానికి, ఇప్పుడు వారి నోటినుండి తీసి పాలు, గ్రుడ్లు పెట్టవలెనా? ఈ ప్రశ్న నడుగుట కామె కధికారము గలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టు కెదురు నిలిచినది యా యాకలి తోడనే. వారి యుద్యమ ఫలముగ 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. రెండవది 1997లో సడలిపోయినది. చట్టములు వచ్చును, పోవును. ఇంటిలోని కుండ మాత్ర మామె చేతనే యుండును.

నా సమాధాన మిది. బిడ్డల పాలు తీసి తండ్రికి పోయుట ధర్మము కాదు. పైన జెప్పిన పప్పును, ఆకుకూరయు ఇంటిల్లిపాదికిని కావలసినవే. ఒక్క కుండలో నుడికి యందరికి సమముగ పంచవలసినవే. సారాకు పోయిన డబ్బు మొదట నా కుండకే మరలి రావలెను. దానిని తెచ్చుట యతని విధి, ఆమె విధి కాదు. అతనిని బాగుచేయు భారమంతయు నామెపై మోపి, మరల త్రాగినచో నీ వండిపెట్టుట చాలలేదని యామెనే యనుట, ఆమె కొనర్చు రెండవ యన్యాయము. ఆమె క్షమించునో లేదో యామె యిష్టము. క్షమకు గడువు పెట్టుట కెవ్వరికి నధికారము లేదు. కాని యన్నము క్షమకు బహుమానము కాదు, ఆకలికి సమాధానము. క్షమింపనివారును పెట్టవచ్చును, క్షమింపబడనివాడును తినవచ్చును.

ఇక త్రాగుడు మానిన సోదరునితో నొక్కమాట. నీవు తినకుండుట చేత నెవరి ఋణమును తీరదు. ఆకలి, త్రాగవలెనను కోరికవలె వేషము వేసికొని వచ్చును. వేళకు తిన్నవాడు దాని వేషమును కనిపెట్టగలడు. నీ భార్యకు చేసిన యపకారమును సరిచేయుటకు పనిచేయు చేతులు, నిలుచు జ్ఞాపకము, తూలని కాళ్లు కావలెను. అవి పస్తులవలన రావు. కావున కూర్చుండి, నీ వంతు తినుము. వంతు మించి తినకుము. తిని లేచి పనికి పొమ్ము.