ముందు మానెయ్యమను!

తాగేవాడి పెళ్ళాం మన గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంటే మనమందరం చెప్పే సలహా ఒకటుంది. దానికి చదువు అక్కర్లేదు. ఖర్చు అంతకన్నా లేదు. "ముందు మానెయ్యమను. మిగతా సంగతులు తర్వాత." ఓ గ్లాసు కాఫీ చేతికిచ్చి ఈ మాట అనేస్తే మన ధర్మం తీరిపోయినట్టే. నేనూ పాతికేళ్ళపాటు అదే అన్నాను. అందులో లోపం ఏమిటో తెలియడానికి నాకు 2020 దాకా పట్టింది.

మాది అనంతపురం. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెది ఊరి చివర పేట. వానలు మొహం చాటేసి, వేసిన బోరు వేసినట్టే ఎండిపోతే, పల్లె విడిచి టౌనుకొచ్చిన కుటుంబం. భర్తది బేల్దారి పని. మంచి పనివాడే. కానీ పొద్దున్నే గుక్కెడు పడకపోతే చేతులు వణికి తాపీ నిలవదు.

ఆ ఏడు మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు కదా, మందు షాపులు మూతపడ్డాయి. నాకెంత సంతోషమో! ఆమెకు ఫోన్ చేసి మరీ చెప్పాను. "ఇది దేవుడిచ్చిన అదను. గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యి. మూడు రోజులు అరుస్తాడు, నాలుగో రోజుకి మనిషవుతాడు."

నాలుగో రోజు దాకా రాలేదు. రెండో రోజు ఒళ్ళంతా చెమటలు, వణుకు. మూడో రోజు గోడమీద లేని జెర్రుల్ని చేత్తో దులపడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి మూర్ఛ వచ్చింది. 108 బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. బతికాడు.

అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్కసారిగా ఆపించమని నీకెవరమ్మా చెప్పింది?"

కొన్నాళ్ళ తర్వాత పనిలోకి వచ్చినప్పుడు ఆమె ఈ సంగతంతా చెప్పి, చివర్లో, "ఎవురో చెప్పినార్లే సార్ అంటి. మీ పేరు మాత్రం చెప్పలేదమ్మా" అంది. నన్ను కాపాడానన్న తృప్తి ఆ మొహంలో. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పటినుంచి ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను, తెలిసినవాళ్ళనల్లా అడిగాను. ఏళ్ళ తరబడి పొద్దున్నించి రాత్రిదాకా తాగేవాడి మెదడు ఆ మత్తుకు ఎదురు లాగుతూ బతకడానికి అలవాటు పడుతుందట. తాడు లాగే ఆటలో ఒక పక్కవాళ్ళు హఠాత్తుగా తాడు వదిలేస్తే రెండో పక్కవాళ్ళు ఏమవుతారు? వెల్లకిలా పడతారు. ఆ పడటమే వణుకు, భ్రమలు, మూర్ఛ. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే అంత ముదిరిన తాగుడు ఆసుపత్రిలోనే మాన్పించాలి. మందులిచ్చి, వాటినీ రోజురోజుకీ తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇంజెక్షన్లు వేస్తూ దించుకు రావాలి. ఇంట్లో గొళ్ళెం వేసి చేసే పని కాదు.

సరే, అది వైద్యం. నన్ను అసలు ఇరకాటంలో పెట్టింది, పంపించేటప్పుడు డాక్టరు చెప్పిన జాగ్రత్తలు. మానేస్తే మహా మంచిదేనట. మళ్ళీ వస్తే సాయం చేస్తారట. "ఒకవేళ మళ్ళీ తాగితే మాత్రం ఖాళీ కడుపున తాగనివ్వద్దు. తాగినప్పుడు బండి తాళం నీ దగ్గర పెట్టుకో. సారా కాచేవాళ్ళ దగ్గరకీ, ఊరూ పేరూ లేని సరుకుకీ పోనివ్వద్దు. తాగాడని సిగ్గుపడి ఇక్కడికి రావడం మానొద్దు."

"ఒకవేళ తాగితే" ఏమిటండీ! డాక్టరన్నవాడు అలా అనొచ్చా? దొంగకు తాళంచెవి ఇచ్చినట్టు కాదూ? మా వీధి పేరంటంలో ఈ సంగతి కదిపితే పెద్దావిడ ఒకరు, "అది పాముకి పాలు పొయ్యడమే" అని తేల్చేశారు. అందరం తలలూపాం. నేనూ ఊపాను. ఊపుతూనే ఆ మూడో రాత్రి గుర్తొచ్చి ఆగిపోయాను.

డాక్టరు చెప్పినదానికి ప్రపంచంలో ఒక పేరుంది. హాని తగ్గించడం. మత్తు మానినా మానకపోయినా, మనిషి చావకుండా, ఇంకొకరిని చంపకుండా చూడటం. 1984లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో మత్తుమందు సూదులు వేసుకునేవాళ్ళ సంఘమే పూనుకుని పాత సూది తీసుకుని కొత్త సూది ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకే సూది నలుగురు వాడితే ఒకరి రక్తంలోని కామెర్ల రోగం నలుగురికీ పాకుతుందని భయం. తర్వాత ఎయిడ్స్ వచ్చింది. మన మణిపూర్‌లో 1989, 90 ప్రాంతంలో ఏం జరిగిందో వింటే గుండె జారుతుంది. సూదులు వాడేవాళ్ళలో ఏడాది తిరక్కుండానే, పరీక్ష చేసినవాళ్ళలో సగం మందికి ఆ వైరస్ కనిపించింది. వాళ్ళకు భార్యలున్నారు, బిడ్డలున్నారు. కొత్త సూదులివ్వడం, నర్సు ఎదురుగా నాలుక కింద బుప్రెనార్ఫిన్ మాత్ర పెట్టించడం మన దేశంలోనూ ప్రభుత్వ కార్యక్రమాలయ్యాయి. సూదులిస్తే వాడకం పెరుగుతుందేమోనన్న అనుమానం అందరికీ ఉండేది. అలా పెరిగినట్టు దాఖలా లేదని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది.

అదంతా ఎక్కడో అనుకోకండి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు మీద దాడులు చేశారు. మంచిపనే. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. కానీ రోజూ దానికి అలవాటు పడ్డ కూలీ జనం, వాళ్ళలో ఆడవాళ్ళు కూడా, హఠాత్తుగా అది ఆగేసరికి పిచ్చిచూపులు చూస్తూ, ఫిట్స్‌తో కొట్టుకుంటూ ఆసుపత్రుల పాలయ్యారు. 2020 జులై చివర్లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో మందు షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. షాపు మూశారు, సరే. దానిమీద బతుకుతున్న ఒంటికి వేరే దారి ఎవరు చూపించారు?

"సాయం చేస్తే చెడిపోతారు" అన్న భయం కొత్తది కాదు. మన సీమకు అది బాగా తెలుసు. ధాత కరువు పేరు మన ముసలివాళ్ళ నోట వినే ఉంటారు. 1876లో మొదలైంది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, ఈ తాలూకాలన్నీ బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే మన లెక్కన అరకిలో కూడా లేవు, అవి చాలన్నాడు. ఎక్కువిస్తే సర్కారు సొమ్ము దండగ, జనం సోమరులవుతారు అని వాదన. మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ కార్నిష్ దానికి ఎదురు తిరిగాడు. ఆ గింజలతో పనిచేసే శరీరం నిలవదని పట్టుబట్టాడు. చివరికి ఆ కూలి పెంచక తప్పలేదు. ఈలోగా పోయినవాళ్ళు పోయారు.

ఇప్పుడు మనం ఆ దొరను తిట్టుకుంటాం. కానీ నేను మా పనిమనిషికి ఫోన్లో చెప్పిందేమిటి? సాయానికి ముందు ఒక పరీక్ష పెట్టాను. నెగ్గితేనే మనిషి, లేకపోతే లేదు. దొరకీ నాకూ తేడా ఎంత?

మా మామగారికి షుగరు. పండక్కి పూర్ణాలు వండితే దేవుడికి నైవేద్యం పెట్టకముందే రెండు మాయమయ్యేవి. దొరికిపోయి, "నేనేనా? ఛ" అనేవారు. కోప్పడేవాళ్ళం, డబ్బా దాచేవాళ్ళం. అంతేగాని, "పూర్ణాలు మానేస్తామని ఒట్టేస్తేనే ఇన్సులిన్" అని ఏనాడైనా అన్నామా? ఆ మాట మనసులోకే రాదు. మన జిల్లాలో చెనక్కాయ రైతు సంగతి చూడండి. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానను నమ్మి, పోయినేడు పోయిందని తెలిసీ, జూన్‌లో మళ్ళీ అప్పు చేసి అదే విత్తనం వేస్తాడు. బుద్ధి తెచ్చుకుంటేనే పంట బీమా ఇస్తామని ఎవరూ అనరు, అనకూడదు కూడా. మరి తాగేవాడి దగ్గరకొచ్చేసరికి మన త్రాసు ఎందుకు మారుతుంది?

ఎందుకు మారుతుందో మీకూ నాకూ తెలుసు. పూర్ణం తిన్న మామగారు ఎవర్నీ కొట్టలేదు. తాగొచ్చినవాడు కొడతాడు. పిల్లల ఫీజు డబ్బు తీసుకుపోతాడు. అందుకే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ లేచి సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. ఆ ఆడవాళ్ళు చేసింది తప్పని ఎవరైనా అంటే నేనొప్పుకోను. జీతం ఇంటికి రావడం, రాత్రి నిద్ర పట్టడం వాళ్ళు కోరుకున్నారు. అదీ హాని తగ్గించడమే!

కాకపోతే, దుకాణం మూసిన చట్టానికి తోడు, అప్పటికే ఒళ్ళు గుల్ల చేసుకున్నవాళ్ళ కోసం ఊరూరా ఒక మంచం, ఒక నర్సు ఏర్పాటయ్యాయా? లేదు. హిందూపురం, రాయదుర్గం దాటి నాలుగడుగులు వేస్తే కర్ణాటక. సరుకు అటునుంచి వస్తూనే ఉండేది. 1997లో నిషేధమే సడలిపోయింది. 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం తాగుడుకు బానిసైనవాళ్ళు 38 మంది ఉంటే వైద్యమో సాయమో అందింది ఒక్కరికి. మిగతా 37 మందికీ మనం చెప్పింది నేను చెప్పిన మాటే. ముందు మానెయ్యమను.

ఇంకో దారి తొక్కినవాళ్ళున్నారు. తాగుడు వల్లే భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మద్రాసులో ఇలాంటివాళ్ళ కోసం ఆసుపత్రి పెట్టారు. తర్వాత తంజావూరు వైపు పల్లెల్లో శిబిరాలు పెట్టి, వైద్యాన్ని ఊరి మధ్యకే తీసుకెళ్ళారు. ఆవిడ కోరుకున్నది పూర్తిగా మాన్పించడమే, సందేహం లేదు. కానీ తాగేవాడు తన గుమ్మానికి వచ్చేదాకా కూర్చోలేదు.

చాలా ఆలోచించాక నాకు తోచింది ఇది. మెచ్చుకోవడం వేరు, క్షమించడం వేరు, కాపాడటం వేరు. మూడింటినీ మనం ఒకే కొంగుకు ముడేసి కూర్చున్నాం. మెచ్చుకోనక్కర్లేదు. క్షమించాలో వద్దో దెబ్బలు తిన్న ఆవిడ ఇష్టం, మనమెవరం చెప్పడానికి? కాపాడటానికి మాత్రం షరతు ఉండకూడదు. బతికున్నవాడే కదా రేపెప్పుడైనా మానేది! ఆ కాపాడటం ఆయన ఒక్కడికేనా? ఆవిడకీ కావాలి. ఆయన చేయి లేచిన రాత్రి ఆవిడా పిల్లలూ పడుకోవడానికి మరో కప్పు ఉండాలి. హాని లెక్కలో మొదటి గీత ఆవిడ పేరు పక్కనే పడాలి.

మా పనిమనిషి ఈ సిద్ధాంతాలేవీ చదవలేదు. మేస్త్రీతో మాట్లాడి వారం కూలి తన చేతికే వచ్చేట్టు చేసుకుంది. సాయంత్రం ఆయన బయటికి పోకముందే సంగటి, ఊరిబిండి ముందు పెడుతుంది. బండి తాళం బొడ్లో దోపుకుంటుంది. గొడవ పడితే పిల్లల్తో అన్నగారింటికి పోవడానికి సంచి సర్దే ఉంది. నెలకోసారి ఆసుపత్రికి ఆమే వెంటబెట్టుకుపోతుంది. ఆయన పూర్తిగా మానలేదు. పొద్దుటి గుక్క పోయింది. వారంలో నాలుగు రోజులు పోయింది. ఉగాదికి మళ్ళీ జారాడు, మళ్ళీ తీసుకుపోయింది.

మొన్నోరోజు పాత అలవాటు చొప్పున నోరు జారాను. "ఇన్నేళ్ళయింది, ఇంకా మానలేదేమే?" అని.

ఆమె గిన్నె బోర్లిస్తూ అంది. "యాడమ్మా, ఒక్కసారిగా ఎట్ల మానతాడు? తాగినా ఇంటికి నడిసొస్తాండాడు గదా. నడిసొచ్చేటోన్ని రేపైనా అడగొచ్చు."

నేనేమీ అనలేదు. మా వీధి పెద్దావిడ అన్న కొడుకు ఈ మధ్య ఏవో మాత్రలు మింగుతున్నాడని, "ముందు మానెయ్యమన్నాం" అని నిన్న ఆవిడే చెప్పారు. ప్రభుత్వం వారి ఉచిత ఫోన్ నంబరు 14446 కాగితం మీద రాసి ఆవిడ చేతిలో పెట్టాను. "మానకపోయినా ఫోన్ చెయ్యొచ్చండీ" అన్నాను. ఆవిడ నాకేసి అదోలా చూశారు గాని, కాగితం మాత్రం మడిచి జాకెట్లో దాచుకున్నారు.