ఒక్క సాక్షి మాట

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 19:15-19, లేవీయకాండము 6:1-5



మనుష్యుని మీద నేరము స్థిరపరచుటకు ఒక్క సాక్షి నోటిమాట చాలదనియు, ఇద్దరో ముగ్గురో కావలెననియు మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. ఆ సాక్షి అబద్ధికుడేమోనని న్యాయాధిపతులు బాగుగా విచారింపవలెను. సంఘ క్రమశిక్షణ విషయము వచ్చినప్పుడు మత్తయి 18వ అధ్యాయముతో కలిపి ఈ భాగమును మనము ఎత్తుచుందుము. కాని కళ్లమునొద్ద, మండీయొద్ద, పనివాని జీతపు లెక్కయొద్ద దీనిని ఎందరము జ్ఞాపకముంచుకొనుచున్నాము? ఇది వ్రాయుటకు ఒక పికప్ బండి కారణమైనది. యజమానుని అనుమతితోనే, పేరు చెప్పక వ్రాయుచున్నాము.

మస్కి దగ్గరి ఒక క్యాంపులో మన సహోదరునికి డీజిలు పికప్ ఉన్నది. వడ్లు, ఎరువు కట్టలు వేసికొని సింధనూరు, లింగసుగూరు తిరుగుచుండును. లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చు బండి క్రమముగా 10కి దిగినది. సహోదరుడు లెక్కల పుస్తకము తీసి నెలకు ఇన్ని లీటర్లు తేడా అని కూడెను. ఆరేండ్లుగా నడుపుచున్న డ్రైవరును, మండీలో హమాలీలందరు వినుచుండగా, డీజిలు దొంగ అనెను. ఆ మనిషి మారు మాటాడక తాళములు బల్లమీద పెట్టి వెళ్లిపోయెను. ఆ నెల జీతము అతనికి అందలేదు.

పుస్తకము అబద్ధమాడలేదు. డీజిలు నిజముగానే ఎక్కువ ఖర్చగుచున్నది. ఎవరు త్రాగుచున్నారో మాత్రము పుస్తకమునకు తెలియదు. క్రొత్త డ్రైవరు వచ్చినను లెక్క మారలేదు. అప్పుడైనను ఆలోచింపవలసినది, వీడును అదే బాపతు అనుకొనెనట మన సహోదరుడు. చివరకు ఉదయము పొగ ఎక్కువైనందున బండిని మెకానిక్కు చూచెను.

మేము పాఠములు చెప్పినవారము గనుక ఇక్కడ కొంచెము విడమరచి వ్రాయుదుము. ఇప్పటి డీజిలు ఇంజనులో ఎంత ఇంధనము ఎప్పుడు చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. దానికి కన్నులు లేవు; సెన్సరులు చెప్పినదే నమ్మును. వాటిలో ఒకటి ఇంజను చుట్టు తిరుగు కూలెంటు వేడిని చెప్పునది. చూచుటకు బొటనవ్రేలంత యుండును. వేడి పెరిగినకొలది విద్యుత్తునకు అడ్డు తగ్గు పూస దాని లోపల ఉన్నది. చల్లని ఇంజనులో ఆ అడ్డు సుమారు 2,000 ఓములకు పైగా ఉండి, 90 డిగ్రీల దగ్గర కొన్ని వందలకు దిగును. ఇంజను చల్లగా ఉన్నదని విన్నయెడల కంప్యూటరు డీజిలు కొంత ఎక్కువ ఇచ్చును. ఈ బండి సెన్సరు ఎంత దూరము నడిచినను 40 డిగ్రీలే అని చెప్పుచుండెను.

వైరు పూర్తిగా తెగిన పక్షమున సున్నకు 40 డిగ్రీలు క్రింద అన్నట్టు అసాధ్యమైన సంఖ్య వచ్చును. కంప్యూటరు దానిని పసిగట్టి హెచ్చరిక దీపము వెలిగించును. 40 డిగ్రీలనునది ఉండదగిన సంఖ్యయే. గనుక దీపము వెలుగలేదు. మీటరు ముల్లు క్రిందనే ఉండుట చూచి, మన ఇంజను ఎంత చల్లగా నడుచుచున్నదో అని ఇంటివారు సంతోషించిరి కూడ!

ఆ మెకానిక్కు చేసినది వినుడి. స్కానరులో 40 కనబడగానే సెన్సరును నిందింపలేదు. థర్మోస్టాటు తెరచుకొనియే యుండిపోయినచో ఇంజను నిజముగానే చల్లగా నడుచును. అప్పుడు సెన్సరు చెప్పినది సత్యమే. గనుక దూరమునుండి వేడి కొలుచు పరికరమును సెన్సరు దగ్గరి లోహమునకు గురిపెట్టెను, 85 చూపెను. ప్లగ్గు ఊడదీసి సెన్సరు అడ్డును మల్టీమీటరుతో కొలిచెను. వైరును, ప్లగ్గు పిన్నులను పరీక్షించెను. అన్నియు ఒకే మాట చెప్పిన తరువాతనే మార్చుటకు పూనుకొనెను. ఇత్తడి ముక్క విషయములో ఇంత విచారణ జరిగెను. ఆరేండ్ల సేవకుని విషయములో ఎంత జరిగినది?

ఇంజను చల్లారువరకు రేడియేటరు మూత తీయనియ్యలేదు. బ్యాటరీ నెగటివు వైరు తీసి, పాత సెన్సరు విప్పి, క్రొత్త వాషరుతో క్రొత్తది బిగించెను. అల్యూమినియము మరలు చెడునని బలము చూపలేదు. తీసినదాని కొనమీద సున్నపు పొర పేరుకొని, అడుగున తుప్పుపట్టి యుండెను. కూలెంటునకు బదులు బోరునీళ్లు పోసిన బండ్లలో ఇట్టిది జరుగును. ఖర్చు కలిసివచ్చునని బోరునీళ్లు పోయించినది డ్రైవరు కాదు, యజమానుడే. సరియైన కూలెంటు పోసి, గాలి తీసి, బండి అప్పగించిరి. రెండు వారములలో లెక్క మరల 12కు వచ్చెను.

మస్కి వారికి సాక్ష్యముల సంగతి తెలియనిది కాదు. ఊరి కొండ రాతిమీద అశోకుని శాసనమును 1915లో బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు కనుగొనెను. అంతవరకు తెలిసిన శాసనములలో రాజు దేవానాంప్రియుడు, ప్రియదర్శి అను బిరుదులతోనే కనబడెను. ఆయన అశోకుడని పండితులు సింహళ గ్రంథములనుబట్టి చెప్పుచుండిరి. మస్కి రాయి ఆ పేరునే పలికెను. తరువాత గుజర్రా, నిట్టూరు, ఉడేగోళం శాసనములును అదే పేరు చెప్పెను. రాజు పేరు స్థిరపడుటకే ఇన్ని రాళ్లు సాక్ష్యమిచ్చెను.

సహోదరుడు మా యొద్దకు వచ్చి, "ఇప్పుడేమి చేయమంటారు మాస్టారూ?" అని అడిగెను. లేవీయకాండము 6వ అధ్యాయము చదివించితిమి. అన్యాయముగా ఉంచుకొన్న దానికి అయిదవ వంతు కలిపి ఇచ్చివేయవలెను. కూలివాని జీతము రాత్రియంతయు మన యొద్ద ఉండరాదని 19వ అధ్యాయము చెప్పుచున్నది; ఇక్కడ నెలలు గడిచినవి. డబ్బుకు ఆయన వెంటనే ఒప్పుకొనెను. "ఫోనులో వేసేస్తాను మాస్టారూ. మండీకి మాత్రం వెళ్లలేను. పదిమందిలో తల ఎత్తుకోలేను. పైగా అతను మన సంఘపు మనిషి కాదు గదా" అనెను.

"తమ్ముడూ, అతని తల దించినది ఆ పదిమందిలోనే గదా" అంటిమి.

మన సంఘపువాడు కాడనుట మరీ బాధ కలిగించెను. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియై, ఎడమగట్టు కాలువ క్రింద సాగు పెరిగినకొలది, మన పెద్దలు ఈ నల్లరేగడికి పరదేశులుగా వచ్చిరి. తీరమునుండి వచ్చినవారిని గూర్చి ఎవరో చెప్పిన ఒక్క మాటతో ఈ ఊళ్లవారు మనలను తీర్పుతీర్చియుంటే, మన ప్రార్థనాలయములు ఇక్కడ లేచియుండునా? నీ సహోదరునికి నీమీద విరోధము కలదని జ్ఞాపకమునకు వచ్చినచో అర్పణము బలిపీఠమునొద్ద విడిచి వెళ్లుమని ప్రభువు చెప్పినప్పుడు, సంఘ సభ్యత్వపు పుస్తకము చూడుమనలేదు.

జీతమును, దానిపై అయిదవ వంతును అతనికి చేరినవి. అతడిప్పుడు లింగసుగూరులో వేరొకరి బండి నడుపుచున్నాడు. వచ్చు ఆదివారము ప్రభువు బల్ల. అంతలోగా అతనిని వెంటబెట్టుకొని మండీకి వెళ్లుదునని సహోదరుడు మాట యిచ్చెను. మేమును వెంట వెళ్లుచున్నాము.