విరగ్గొట్టిన గేటుకు ఖరీదు కట్టేదెవరు?

శుక్రవారం సెలవు. కువైట్ సిటీలోని మాలియాలో రాజంపేట పెద్దాయనకీ అమలాపురం కుర్రాడికీ వాదన ముదిరింది. కుర్రాడి గదిలో ఉండే క్లీనర్‌కి కంపెనీ కొన్ని నెలలుగా జీతం ఇవ్వడం లేదు. మాట అక్కడ మొదలైంది.

"ఆఫీసు అద్దాలు నాలుగు పగిలితేగానీ దారికి రారు బాబాయ్. అద్దానికి నొప్పేంటండి? ఆకలి మనిషికే కదా!"

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. 2008 జూలైలో ఇక్కడి బంగ్లాదేశ్ క్లీనర్లు సమ్మెకు దిగారు. చెప్పిన జీతం చేతికి రాక కడుపు మండి, కొందరు ఆఫీసులు ధ్వంసం చేశారు, కార్లు తిరగేశారు. ఆ తరవాతే ప్రభుత్వం క్లీనర్ల కనీస జీతాన్ని 40 దినార్లుగా ప్రకటించింది.

"నిజమే అబ్బీ. ఆ నలభై ఎవరి చేతికొచ్చింది? వందల మందిని విమానం ఎక్కించి పంపేసినారే! ఊళ్లో అప్పు అట్నే ఉండాది, అకామా (నివాస అనుమతి) పోయింది. వాళ్ల దెబ్బలతో జీతం పెరిగింది మిగిలినోళ్లకి."

కుర్రాడు తగ్గలేదు. 2011 నవంబర్ 16 రాత్రిని గుర్తుచేశాడు. ప్రధాని షేక్ నాసర్ దిగిపోవాలంటూ నిరసనకారులూ ప్రతిపక్ష ఎంపీలూ గేట్లు తోసుకుని పార్లమెంటు సభలోకి చొరబడి జాతీయగీతం పాడారు. అదే నెల 28న ఆయన రాజీనామా చేశాడు.

"గేటు విరిగినందుకు దిగినాడా, ఎదురుగా ఇరాదా స్క్వేర్‌లో చేతులు కట్టుకొని నిలబడిన వేల మందిని చూసి దిగినాడా?" అని పెద్దాయన ఎదురు ప్రశ్న వేశాడు. సభలోకి చొరబడిన కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2018 జూలైలో అత్యున్నత న్యాయస్థానం, ఎంపీలతో సహా 13 మందికి మూడున్నరేళ్ల చొప్పున శిక్ష వేసింది. ముసల్లం అల్ బర్రాక్ లాంటి పేరున్న నాయకుడు కూడా 2021లో అమీర్ క్షమాభిక్ష పెట్టేదాకా పరాయి దేశంలోనే ఉండిపోయాడు.

"వాళ్లు ఈ దేశస్థులు. క్షమించడానికి అమీర్ ఉన్నాడు. మనకెవరున్నారు?" అన్నాడు పెద్దాయన.

ఈ ప్రశ్న గట్టిది. కువైట్‌లో విదేశీయుడు ఊరేగింపులో నడవడమే నేరం. 2022 జూన్‌లో ఫహాహీల్‌లో నినాదాలు చేసిన ప్రవాసులను పట్టుకుని దేశం దాటిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇక్కడ విదేశీయుడు ధర్నా చేసినా దాడి చేసినా దేశం దాటించవచ్చు. శాంతంగా నిలబడే దారిని మూసేసిన చట్టం, రాయి పట్టుకున్నవాడి కోపంలో తన వాటా లేదనలేదు.

అయితే రాయి ఎవరికి తగులుతుందన్నది వేరే లెక్క. పెద్దాయన అమలాపురం సంగతి ఎత్తాడు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో మంత్రి విశ్వరూప్ ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి వాట్సాప్‌లో అమ్మ ముఖం కనబడక కుర్రాడు ఇక్కడ తల్లడిల్లిపోయాడు. ఆ మంటతో అతనికి ఏ సంబంధమూ లేదు.

నెల తిరగకుండానే, జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నిపథ్ సైనిక నియామక పథకానికి వ్యతిరేకంగా బోగీలు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. దహనాల్లో పాల్గొన్నవాళ్లకు సైన్యంలో చోటు లేదని అధికారులు తేల్చేశారు. ఆ ఉద్యోగం కోసమే కదా వాళ్లు స్టేషన్‌కొచ్చింది!

"బోగీకి నొప్పి తెలీదు, ఒప్పుకుంటా. అగ్గిపుల్ల గీసినోడు బెర్తు మీద ఎవరన్నా పండుకున్నారేమో చూసినాడా? నిప్పంటించినాక అది నీ మాట వినదు అబ్బీ."

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "అయితే మా వాడు ఆకలితో కూర్చోవాలా?"

"కూర్చోమన్లేదు. ఒక్కణ్నే పంపొద్దు అంటున్నా. ఒప్పంద కాగితం, బ్యాంకు స్లిప్పులు తీసుకుని, అదే కంపెనీలో జీతం రానోళ్లందరూ కలిసి కార్మిక శాఖకు పోండి. ఎంబసీలో కూడా కాగితం ఇవ్వండి."

"ఈలోపు అకామా రద్దు చేయిస్తే?"

"చేయిస్తారేమో. అందుకే ఫిర్యాదు ముందు పడాల," అంటూ పెద్దాయన ఫోన్ తీసి, ఎంబసీకి తోడు రాగల తెలుగు సంఘం వాళ్ల నంబరు వెతకసాగాడు.