ఎవరి కోసం ఈ సింగారం?

రాజమహేంద్రవరం,
మే 20.

చిరంజీవి బుజ్జమ్మకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. మీ అత్తగారు ఈ నెలాఖరుకి బడి నుంచి రిటైరవుతున్నారనీ, ఆ రాత్రి ఇంట్లోవాళ్ళకీ దగ్గరివాళ్ళకీ నువ్వే భోజనం పెడుతున్నావనీ, కేక్ కూడా నీ చేత్తోనే చేస్తున్నావనీ తెలిసి చాలా సంతోషించాను. ‘‘రుచి బాగానే వస్తోంది పెద్దమ్మా, చూడ్డానికే బోసిగా ఉంది. బేకరీ కేక్‌లా కనిపించాలంటే ఏం చెయ్యాలి?’’ అని అడిగావు. బోసిగా ఉండకూడదనుకోవడం న్యాయమే. బేకరీ కేక్‌లా ఉండాలనుకోవడం దగ్గరే నిన్ను కాస్త ఆపాలనిపించింది.

సింగారం వద్దని నేననను. పండగనాడు గుమ్మానికి మామిడాకులు కడతాం. అవి లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. కానీ ఇవాళ రోజూలాంటి రోజు కాదని వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే తెలియాలి కదా. కేక్ మీద నువ్వు పెట్టేది కూడా ఆ పనే చెయ్యాలి. ఈ రోజు మీదండీ అని మీ అత్తగారికి చెప్పాలి. నేనెంత పనిమంతురాలినో చూడండి అని చెప్పేదైతే, అది ఎంత అందంగా ఉన్నా ఆవిడ చోటుని నువ్వు తీసుకున్నట్టే.

1840లో విక్టోరియా రాణి పెళ్ళికి చేసిన కేక్ దాదాపు 300 పౌండ్ల బరువు, అంటే మన లెక్కలో 136 కిలోలు. చుట్టుకొలత మూడు గజాలు. పైన బ్రిటానియా దేవత వధూవరుల్ని దీవిస్తున్నట్టు పంచదారతో బొమ్మలు. అలాంటి కేక్ ఇంట్లో ఎవరు చేసుకుంటారు? అదే రాణి పేరుతో ఇంగ్లండు ఇళ్ళల్లో ఇప్పటికీ చేసుకునేది విక్టోరియా స్పాంజ్. రెండు పొరలు, మధ్యలో జామ్, పైన కాస్త పంచదార. అంతే. ఆవిడ పేరు జనం నాలుక మీద నిలబెట్టింది ఈ చిన్న కేకే.

ఆ స్పాంజ్ అంత తేలిగ్గా పొంగడానికి సాయపడిన బేకింగ్ పౌడర్ వెనకాల ఒక ఇంటి కథ ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అని మందుల కొట్టు నడిపే ఆయన ఉండేవాడు. భార్యకి గుడ్డూ పడేది కాదు, ఈస్టూ పడేది కాదు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. మనం పళ్ళ ముక్కల్లో కలుపుకునే కస్టర్డ్ పొడికి మూలం అదే. మీ అత్తగారు గుడ్డు ముట్టరని పెరుగు వేసి కేక్ చెయ్యడం నేర్చుకున్నావే, నువ్వు చేసిందీ ఆ కోవలోదే. తినే మనిషికి ఏది పడుతుంది, ఏది పడదు అన్నది ముందు చూసుకున్నావు. అసలు మర్యాద అక్కడే అయిపోయింది. మిగిలినదంతా దానికి తగ్గట్టు ఉంటే చాలు.

ఇక పని సంగతి. కేక్ ముందురోజు రాత్రే చేసిపెట్టుకో. పూర్తిగా చల్లారాక గానీ దాని మీద చెయ్యి వెయ్యకు. వేడి కేక్‌ని కోస్తే పొడిపొడిగా రాలుతుంది, పైన ఏది రాసినా కరిగి జారిపోతుంది. మధ్యలో ఉబ్బితే రంపపు పళ్ళ కత్తితో ఆ ఉబ్బు తీసేసి, కేక్‌ని అడ్డంగా రెండు పొరలు చెయ్యి. తీసేసిన ముక్కలు ఆ పూట పిల్లలవి.

అరకప్పు నీళ్ళలో అరకప్పు పంచదార వేసి కరిగేదాకా కాచు. తీగ పాకం రానక్కర్లేదు. దించాక రెండు ఏలకులు చితక్కొట్టి వేసి, చల్లారనిచ్చి, రెండు పొరల మీదా చెంచాతో కొంచెం కొంచెంగా చిలకరించు. గుడ్డు లేని కేక్ మర్నాటికి కాస్త ఆరిపోతుంది. ఈ తడితో మళ్ళీ మెత్తబడుతుంది. కంటికి కనపడని సింగారం ఇది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. మీ మామగారికి షుగర్ ఉందన్నావు. ఒక పక్క రెండు ముక్కల మేర పాకం చిలకరించకుండా వదిలెయ్యి. తినాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. తింటానంటే ఆ వైపు నుంచి పల్చగా కోసి పెట్టు. ఆయన కోసం ప్రత్యేకంగా చేశానని పదిమందిలో చెప్పకు. జబ్బుని గుర్తు చేస్తూ పెట్టిన ముద్ద ఎవరికీ సహించదు.

మధ్యలోకి బంగినపల్లి వాడు. ఇది దాని కాలం. రెండు పళ్ళ గుజ్జు తీసి, రెండు చెంచాల పంచదార, కాస్త నిమ్మరసం వేసి, గరిటె జారుగా కాకుండా దగ్గరపడేదాకా ఉడికించి చల్లార్చు. పచ్చి ముక్కలు పేరిస్తే రసం ఊరి కింది పొర ముద్దయిపోతుంది. మామిడి ముక్కలు పెట్టాలనుంటే వడ్డించేటప్పుడు పళ్ళెంలో పక్కన పెట్టు.

వెన్న క్రీమ్‌ జోలికి మాత్రం ఈ నెలలో పోకు. ముప్ఫై నాలుగైదు డిగ్రీలకే వెన్న కరిగిపోతుంది. మీ హైదరాబాదు మే నెల ఎండ ఆ అంకె దగ్గర ఆగదు. పోనీ ఫ్రెష్ క్రీమ్ వాడదామంటే, మామూలుగా దొరికేదాంట్లో కొవ్వు 25 శాతమే ఉంటుంది. ఎంత గిలక్కొట్టినా నిలబడదు, నిలబడాలంటే 30 శాతం దాటాలి. కాలానికి ఎదురీది వంటింట్లో ఏడవడం కంటే కాలం ఇచ్చినదానితో చెయ్యడం మేలు.

మరి పైన ఏం పెట్టాలి? మీ అత్తగారు రోజూ తెల్లవారకుండా లేచి గుమ్మం ముందు పద్మం ముగ్గు వేసి గానీ బడికి బయల్దేరరని నువ్వే చెప్పావు. అదే పెట్టు. కేక్ కొలతకి గుండ్రంగా కాగితం కత్తిరించి, దాని మీద పద్మం గీసి, రేకుల్ని చిన్న కత్తెరతో లోపలికి కత్తిరించు. రేకుకీ రేకుకీ మధ్య కాస్త కాగితం వదలాలి, లేకపోతే ఊడి వచ్చేస్తుంది. పంచదారలో చెంచాడు కార్న్‌ఫ్లోర్ వేసి మిక్సీలో మెత్తగా పట్టుకో. కాగితం కేక్ మీద పరిచి, టీ వడకట్టే జాలీలోంచి ఆ పొడి పల్చగా జల్లు. కాగితాన్ని పక్కకి లాగకుండా నిలువుగా పైకెత్తు. పై పొర మీద పాకం చిలకరించాం కాబట్టి అది ఇంకి పైభాగం పొడిగా ఉండాలి. ఈ పని బల్ల మీదికి తెచ్చే ముందు చెయ్యి, ముందే చేస్తే పొడి చెమ్మ పీల్చుకుని మాయమవుతుంది. గోధుమరంగు కేక్ మీద తెల్లటి పద్మం. దాని పక్కన ఇంకేమీ వద్దు. ఆవిడ చూడగానే గుర్తుపడతారు. ఏ దుకాణంలోనూ ఇది దొరకదు, ఎందుకంటే దుకాణంవాళ్ళకి ఆవిడ గుమ్మం తెలియదు.

బంగారు రంగు పొడి చల్లితే ఎలా ఉంటుందని కూడా అడిగావు. ఇది మటుకు గట్టిగా చెబుతున్నాను. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక బిడ్డ మొదటి పుట్టినరోజు కేక్ తిని ఆరుగురు పిల్లలు వాంతులతో పడ్డారు. పైన మెరుపు కోసం దట్టంగా పూసిన పొడిలో రాగి ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది. అలాంటి పొడులు కొన్ని చూడ్డానికే గాని తినడానికి పనికిరావు. డబ్బా మీద విషం కాదని రాసినంత మాత్రాన అది తిండి అయిపోదు. తినదగినదని స్పష్టంగా రాసి, అందులో ఏమేం ఉన్నాయో చెప్పి, ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటేనే ఏ రంగైనా, ఏ పొడైనా ఇంట్లోకి రానివ్వు.

పువ్వుల సంగతీ అంతే. గన్నేరు ఎంత ముచ్చటగా ఉన్నా విషం, అది కేక్ దరిదాపులకి రాకూడదు. బజారు గులాబీల మీద పురుగుమందు కొట్టి ఉంటారు. మీ కుండీలో మందు కొట్టని నాటు గులాబీ ఉంటే రేకులు కడిగి, ఆరబెట్టి పళ్ళెం అంచున వెయ్యి. లోపల పుల్లలు గుచ్చి ఏదీ నిలబెట్టకు, పెద్దవాళ్ళూ పిల్లలూ తినే చోట అది ప్రమాదం. నోట్లో పెట్టుకోలేని దేన్నీ కేక్ మీద పెట్టకు. వంటకి నేను నమ్మే ధర్మం ఇదొక్కటే.

వడ్డించేటప్పుడు ఇంకో రెండు మాటలు గుర్తుంచుకో. ‘‘ఏదో సింపుల్‌గా చేశానండీ, సరిగ్గా కుదిరిందో లేదో’’ అనకు. నువ్వలా అంటే పాపం వచ్చినవాళ్ళు తినడం మానేసి నిన్ను ఓదార్చే పనిలో పడతారు. ఎలా చేశావని అడిగితే సంతోషంగా చెప్పు, అడక్కపోతే ఊరుకో. ఫొటో ఒకటి తీసుకో, చాలు. కత్తి చేతిలో పట్టుకుని పెద్దావిడ నిలబడి ఉండగా కోణాలు మార్చుకుంటూ కూర్చోవద్దు. పద్మాన్ని కోయడానికి మనసొప్పక ఆవిడ తటపటాయిస్తే, కోయడానికే వేశానత్తయ్యా అని నువ్వే చెయ్యి కలుపు. ముగ్గు వేసేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు, రేపటికి అది చెరిగిపోతుందని తెలిసే ఇవాళ శ్రద్ధగా వేస్తారు.

ఇన్నేళ్ళు బడిలో ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని దిద్దిన మనిషి మీ అత్తగారు. ఆ రాత్రి నీ కేక్‌కి ఎన్ని మెప్పులు వచ్చాయో లెక్కపెట్టకు, ఆవిడ ఆకలి తీరిందా, మనసు నిండిందా అని చూడు. ఎవరి కోసం చేస్తున్నావో వాళ్ళని తలుచుకుంటూ చేసిన పనికి వేరే సింగారం చాలా కొద్దిగా సరిపోతుంది. ఆ కొద్దినీ శ్రద్ధగా చెయ్యి, తల్లీ.

మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ