మిట్ట దగ్గర ఎవరు దిగాలి?



కష్టం మనిషికి మంచిదేనా? మన సహవాస కూటాల్లో ఈ ప్రశ్న అడిగితే చాలామంది వెంటనే "మంచిదే" అంటారు. ఉద్యోగం పోయినవారికి, అప్పుల్లో ఉన్నవారికి, ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నవారికి మనం ఎక్కువగా చెప్పే మాట కూడా అదే: "ఇదంతా మిమ్మల్ని బలపరచడానికే." ఈ మాట నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ ఎవరు ఎవరికి చెబుతున్నారన్న దాన్నిబట్టి దాని విలువ మారిపోతుందని నాకనిపిస్తుంది. ఈ సంగతిని నాకు బాగా తెలిసిన ఒక చిన్న విషయం పక్కన పెట్టి ఆలోచిద్దాం. అది సైకిల్ మీద కొండ ఎక్కడం.

విశాఖపట్నంలో ఉండేవారికి ఈ సరదా కొత్త కాదు. శనివారం తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని సింహాచలం కొండ వైపు, సెలవు దొరికితే అనంతగిరి ఘాట్ రోడ్డు వైపు వెళ్ళే గుంపులు కనిపిస్తాయి. నేనూ వారిలో ఒకణ్ణి. వారమంతా ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చునే నాకు, ఊపిరి అందక తొడలు మండే ఆ గంట చాలా ఇష్టం. పైకి చేరాక కలిగే తృప్తి నిజమైనదే. బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకం రాశాడు. ఆట అంటే ఏమిటన్నదే అందులోని ప్రధాన ప్రశ్న. ఆయన వాదన సారాంశం ఇది: సులువైన దారి ఉన్నా దాన్ని పక్కనపెట్టి, అక్కర్లేని అడ్డంకిని మనంతట మనమే పెట్టుకుని దాటబోవడమే ఆట. కొండమీదికి బస్సు ఉంది, కారు ఉంది. అయినా సైకిల్ మీద ఎక్కుతున్నానంటే, అది కష్టం రూపంలో ఉన్న ఆట.

2018లో ఆఫీసు పని మీద మూడు వారాలు మయన్మార్‌లోని యాంగోన్‌లో ఉన్నాను. బస మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో. కాండోజీ సరస్సు, జంతు ప్రదర్శనశాల, రైల్వే స్టేషన్ అన్నీ ఆ చుట్టుపక్కలే. అక్కడ కూడా ఉదయం పూట ఎక్కడానికి కొండ ఏదైనా ఉందా అని వెతికాను. బర్మా భాషలో 'తౌంగ్' అంటే కొండ అని అర్థం ఉంది. పేట పేరులో కొండ ఉంది గానీ, ఆ రోడ్ల మీద నిటారుగా ఎక్కవలసిన చోటేదీ నాకు దొరకలేదు. యాంగోన్‌లో ఎత్తైన చోటంటే ష్వేడగాన్ పగోడా ఉన్న సింగుత్తర గుట్టే. అది కూడా సముద్ర మట్టానికి 50 మీటర్ల ఎత్తు మాత్రమే. నది ఒడ్డు నుండి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ నేల మెల్లగా పైకి లేస్తుంది. కారులో కూర్చున్నవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

తెలిసేది సైక్కా తొక్కేవారికి. సైక్కా అంటే అక్కడి రిక్షా. ఇంగ్లీషు 'సైడ్‌కార్' అనే మాటే అలా మారింది. మామూలు సైకిల్ పక్కన చిన్న బండి బిగించి ఉంటుంది. అందులో ఇద్దరు వీపులు ఆనించుకుని, ఒకరు ముందుకీ ఒకరు వెనక్కీ చూస్తూ కూర్చుంటారు. 2003 నుండి యాంగోన్ నగరంలో చాలా చోట్ల మోటారు సైకిళ్ళకు అనుమతి లేదు. అందుకే పేటల లోపలి వీధుల్లో సైక్కాలకు ఇంకా గిరాకీ ఉంది. ఒక ఉదయం ఇద్దరు ఆడవాళ్ళనూ వారి కూరగాయల బుట్టలనూ ఎక్కించుకున్న ఒక పెద్దాయన, రోడ్డు కాస్త లేచిన చోట తొక్కడం ఆపి కిందికి దిగి, హ్యాండిల్ పట్టుకుని తోయడం చూశాను. నాకు చదునుగా కనిపించిన రోడ్డు అది.

వృత్తిరీత్యా లెక్కలు వేయడం అలవాటు కాబట్టి ఆ రాత్రి ఒక చిన్న లెక్క వేశాను. సైకిల్‌తో కలిపి నేను 90 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద, అంటే 5 శాతం వాలులో, నన్ను వెనక్కి లాగే బరువు నాలుగున్నర కిలోలు. ఇద్దరు మనుషులు, వారి సామాను, బండి, తొక్కేవారు అన్నీ కలిపి 220 కిలోలు అనుకుందాం. అప్పుడు 2 శాతం వాలు చాలు, సుమారు అంతే బరువు ఆయన్ని వెనక్కి లాగడానికి. అంటే నాకు అనంతగిరి దారిలో ఎదురయ్యే మిట్ట లాంటిది ఆయనకు చదును వీధిలోనే ఎదురవుతోంది. నా సైకిల్‌కు గేర్లు ఉన్నాయి. సైక్కాకు మామూలుగా ఉండవు. నాకు ఒక్క ఉదయం, ఆయనకు రోజంతా. రోడ్డు ఎంత నిటారుగా ఉందన్నది రోడ్డుని చూసి చెప్పలేం, మోసే బరువుని చూసి చెప్పాలి.

ఆ నగరంలో ఇలా బరువు లాగడం మన తెలుగువారికి పాత చరిత్రే. ఉత్తరాంధ్రలో పెద్దలు రంగూన్‌ను 'రంగం' అనేవారు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది స్టీమర్లెక్కి రంగం వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడివారు మనవాళ్ళని 'కోరంగీలు' అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే, వారిలో తెలుగువారు పెద్ద వర్గం. ఓడల్లో సరుకు ఎత్తిదించినవారిలో, మిల్లుల్లో మూటలు మోసినవారిలో, 'లాంచా' అని పిలిచే చేతి రిక్షాలను లాగినవారిలో చాలామంది మనవాళ్ళు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి స్థానంలో యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక బర్మావారిని వెనక్కి పంపేశారు. 26వ తేదీన మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయ కూలీలే. ఇద్దరు పేదవాళ్ళు ఒకే మూట కోసం కొట్టుకునేలా చేసినవారి ఒంటికి చెమట పట్టలేదు.

ఆ తర్వాత నిజమైన కొండలే ఎదురయ్యాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ చేతికి పోయింది. లక్షలాది భారతీయులు ఇల్లు వదిలి బయలుదేరారు. ఓడ టికెట్టు దొరకనివారు నడిచారు. కొందరు అరకాన్ కొండల మీదుగా, కొందరు టాము దాటి మణిపూర్ వైపు, కొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాం వైపు. కలరా, మలేరియా, ఆకలి, వాన. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. యూరోపియన్లకు ఒక దారి, భారతీయులకు మరో దారి పెట్టారన్న ఫిర్యాదు ఆ రోజుల్లోనే వచ్చింది. ఇంటికి చేరినవారు, ఆ తర్వాత 1960లలో మరోసారి బర్మా వదిలి రావలసి వచ్చినవారు మన ఊళ్ళలో స్థిరపడ్డారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేరు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 1942లో పిల్లను చంకనేసుకుని కొండ ఎక్కిన తల్లి కాళ్ళు, సైకిల్ మీద ఘాట్ ఎక్కే నా కాళ్ళు ఒకేలా మండుతాయి. ఊపిరి ఒకేలా ఎగసిపడుతుంది. అయినా ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే ఏదో అన్యాయం జరిగినట్టు ఉంటుంది. తేడా ఎక్కడుంది? నేను సగం దారిలో దిగిపోవచ్చు. నీళ్ళు తాగి, ఫోటో తీసుకుని, ఇవాళ్టికి చాలనుకుని వెనక్కి తిరగవచ్చు. నన్నెవరూ ఏమీ అనరు, రాత్రి నా పళ్ళెంలో అన్నం తగ్గదు. ఆమె దిగలేదు. సైక్కా పెద్దాయన కూడా దిగగలిగేది తోయడానికే. కష్టానికి ఆట రుచినిచ్చేది ఈ దిగగలిగే స్వేచ్ఛే. అది తీసేస్తే మిగిలేది బరువు మాత్రమే.

"వాళ్ళనెవరూ బలవంతం చేయలేదు కదా, ఇష్టపడే రంగం వెళ్ళారు కదా" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చాలామంది తమంతట తామే ఓడ ఎక్కారు. కానీ మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని, ఓడ ఖర్చు అప్పుగా రాయించుకుని వెళ్ళినవాడికి మధ్యలో మానేసే వీలుందా? పని మొదలుపెట్టేటప్పుడు సరేనన్నాడా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. మిట్ట మధ్యలో ఆగిపోతే అతనికి ఏమవుతుంది అన్నది కూడా అడగాలి. మన ఐటీ కంపెనీల్లో రాత్రింబవళ్ళు పనిచేసే కుర్రాళ్ళ గురించి, హైదరాబాద్ వీధుల్లో భోజనం పొట్లాలు చేరవేసే పిల్లల గురించి కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు.

2021లో హైదరాబాద్‌లో వానలో సైకిల్ తొక్కుకుంటూ ఒక యువకుడు ఆర్డర్ తెచ్చి ఇచ్చాడు. తీసుకున్నాయన "శభాష్" అని తలుపు వేసుకుని ఉండవచ్చు. ఆ అబ్బాయితో మాట్లాడి, అతని అవసరం తెలుసుకుని, సోషల్ మీడియాలో నలుగురికీ చెప్పాడు. చందాలు పోగై ఆ అబ్బాయికి బైక్ వచ్చింది. ఒక్క బైక్‌తో మిగతా పిల్లల పరిస్థితి మారదు, అది వేరే పెద్ద చర్చ. కానీ ఆ కష్టాన్ని చూసి చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, అది తగ్గే దారి ఏదని అడిగిన తీరు నాకు నచ్చింది.

బైబిల్ చదివేవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. ఐగుప్తులో గడ్డి కూడా ఇవ్వకుండా ఇటుకలు చేయించినప్పుడు, ఆ కష్టం మీకు మంచిదని దేవుడు ఇశ్రాయేలీయులతో చెప్పలేదు. వారి మొర విని బయటికి తెచ్చాడు. విశ్రాంతి దినపు ఆజ్ఞ యజమానితో ఆగిపోదు. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద కూడా ఆ రోజు ఆగాలి. ఒకప్పుడు మీరూ దాసులేనని గుర్తు చేసుకోమని ద్వితీయోపదేశకాండము కారణం కూడా చెబుతుంది. అంటే ఆగడం అనేది ఆగగలిగినవారికే మిగిలిపోకుండా, ఆగలేనివారికి కూడా అందేలా పెట్టిన ఏర్పాటు అది.

మరి తప్పించుకోలేని కష్టంలో నుండి మంచి ఏదీ రాదా? వస్తుంది. అడవి దాటి వచ్చినవారిలో మరొకరి బిడ్డను ఎత్తుకుని నడిచినవారు ఉండే ఉంటారు. మన సంఘాల్లో కూడా జబ్బుతో, పేదరికంతో పోరాడి, "దానివల్లే నేను ఇలా అయ్యాను" అని సాక్ష్యం చెప్పేవారు ఉన్నారు. ఆ మాటకు నేను తలవంచుతాను. కానీ ఆ సాక్ష్యం చెప్పే హక్కు మోసినవారిది. పక్కన నడిచే మనం వారి తరఫున ముందే చెప్పేయకూడదు. వారి భారం ఇంకా వారి భుజం మీద ఉండగా మనం దానికి అర్థం చెబితే, దాన్ని పట్టుకోవలసిన పని నుండి మనం తప్పుకున్నట్టే.

అలాగని నేను కొండలు ఎక్కడం మానేయాలని అనుకోవడం లేదు. దేవుడిచ్చిన శరీరంతో ఆడుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దాన్ని త్యాగం అనో క్రమశిక్షణ అనో పిలుచుకుని, దానితో ఇతరుల కష్టాన్ని కొలవకుండా ఉంటే చాలు. అదేవిధంగా, మనిషి తొక్కే బండి ఎక్కడం తప్పని సైక్కాను మానేయడం కూడా జవాబు కాదు. మనం ఎక్కకపోతే ఆయనకు ఆ రోజు కూలి తగ్గుతుంది, మన మనసు మాత్రం తేలికపడుతుంది.

మన ఊళ్ళలో రిక్షాలు తిరిగిన రోజుల్లో చాలామంది పాటించిన ఒక మర్యాద ఉండేది. రైలు వంతెన లాంటి మిట్ట రాగానే ఎక్కినవారు దిగిపోయేవారు. కొందరు వెనకనుండి ఒక చేయి వేసి తోసేవారు. పైకి చేరాక మళ్ళీ ఎక్కి, మాట్లాడుకున్న కిరాయి పూర్తిగా ఇచ్చేవారు. ఎవరూ రిక్షా అతనికి ఓర్పు గురించి చెప్పేవారు కాదు. తొక్కేవారు దిగలేరు కాబట్టి కూర్చున్నవారు దిగేవారు, అంతే.

ఈ వారం మన సహవాసంలో ఎవరి పేరైనా ప్రార్థన కోసం వినిపిస్తే, ఓదార్పు మాట పంపేముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: ఈయన మోస్తున్న బండిలో నేనేమైనా కూర్చుని ఉన్నానా? ఒక నెల ఇంటి అద్దె, ఆసుపత్రిలో ఒక రాత్రి కాపలా, ఆఫీసులో ఆయన మీద నేను వేసిన గడువు తేదీ. వీటిలో నేను దిగగలిగేది ఏదో ఒకటి ఉంటుంది.